వడపోతల వెనక ఒక లెక్కల మాస్టారు

సింగపూర్‌లో ఫ్లాట్ కొనాలని వెతికిన వాళ్లందరికీ తెలిసిన పని ఇది. పేట టాంపినీస్, నాలుగు గదులది, పదో అంతస్తు పైన, ఇంత ధర లోపల అని ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోతాం. వేలల్లో ఉన్న జాబితా వందలకు, వందల నుంచి పదులకు దిగుతుంది. అంతస్తుతో మొదలుపెట్టినా, ధరతో మొదలుపెట్టినా చివరికి చేరేది అక్కడికే. చీరలు, విమాన టిక్కెట్లు, ఉద్యోగాలు, లైబ్రరీ పుస్తకాలు... అన్నిటికీ ఇదే పద్ధతి. మనలో చాలామందికి ఇలాంటి తెరలు తయారు చేయడమే వృత్తి. ఈ ఆలోచన కంప్యూటర్‌తో పాటే పుట్టిందనుకుంటాం. నిజానికి దీని వెనక మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఒక లెక్కల మాస్టారు ఉన్నారు. ఆయన షియాలి రామామృత రంగనాథన్. భారతదేశంలో ఏటా ఆగస్టు 12న జాతీయ లైబ్రేరియన్ల దినోత్సవం జరుపుకునేది ఆయన పేరు మీదే.

రంగనాథన్ తమిళుడు. 1892 ఆగస్టులో తంజావూరు జిల్లా షియాలిలో పుట్టారు. ఆరేళ్ల వయసులోనే తండ్రి పోయారు. చిన్నప్పటి నుంచీ నత్తి ఉండేది. పట్టుదలతో దాన్ని అదుపులో పెట్టుకున్నారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గణితంలో బి.ఏ., ఎం.ఏ. చేశారు. అక్కడ ఎడ్వర్డ్ రాస్ అనే ఆచార్యుడు ఆయనకు గురువు. గణితం మీద, గురువు మీద ఆ భక్తి జీవితాంతం పోలేదు. సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసుకుని 1917 నుంచి మంగుళూరులో, కోయంబత్తూరులో, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పారు. విద్యార్థులు ఇష్టపడే మాస్టారుగా పేరొచ్చింది.

ఇలాంటి మనిషి లైబ్రేరియన్ ఎందుకయ్యారు? జీతం కోసం. మద్రాసు విశ్వవిద్యాలయం తొలిసారిగా లైబ్రేరియన్ పదవి సృష్టించి దరఖాస్తులు పిలిచింది. తొమ్మిది వందల మంది దాకా పెట్టుకున్నారంటారు. రంగనాథన్‌కి గ్రంథాలయ శాస్త్రంలో ఓనమాలు కూడా రావు. అయినా 1924 జనవరిలో ఉద్యోగం ఆయనకే వచ్చింది. చేరిన కొద్ది రోజులకే దిగులు పట్టుకుంది. పిల్లల గోల లేదు, నల్లబల్ల లేదు, వచ్చే పాఠకుడు లేడు. తనని ఒంటరి ఖైదులో పెట్టినట్టుందని, మళ్లీ పాఠాలు చెప్పుకోనివ్వమని పై అధికారులను బతిమాలుకున్నారు. ముందు లండన్ వెళ్లి అక్కడి గ్రంథాలయాలు చూసి రమ్మని, వచ్చాక కూడా ఇష్టం లేకపోతే పాత ఉద్యోగానికి పోవచ్చని వాళ్లు ఒప్పించారు.

1924లో రంగనాథన్ లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో చేరారు. అక్కడ వర్గీకరణ బోధించిన బెర్విక్ సేయర్స్ క్రాయిడన్‌లో ప్రధాన లైబ్రేరియన్ కూడా. రంగనాథన్ క్లాసులో కన్నా బయటే ఎక్కువ నేర్చుకున్నారు. నూటికి పైగా గ్రంథాలయాలు తిరిగి చూశారు. ఊరి మధ్యలో అందరికీ తలుపులు తీసి ఉన్న లైబ్రరీలో కూలివాళ్లూ, ఇల్లాళ్లూ, పిల్లలూ కూర్చుని చదువుకోవడం చూసి, ఇది కూడా పాఠం చెప్పడమేనని ఆయనకు తోచింది. ఇక వెనక్కి పోతాననలేదు.

ఆయన గణిత బుర్రకు మింగుడుపడనిది మాత్రం ఒకటుంది. అది పుస్తకాలకు నంబర్లు వేసే తీరు. అప్పటికే ప్రపంచమంతా వాడుకలో ఉన్నది డ్యూయీ దశాంశ పద్ధతి. జ్ఞానాన్నంతా పది భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్లీ పది చేసి, చెట్టు కొమ్మల్లా దిగుతూ పోవడం. ప్రతి విషయానికీ ముందే ఒక గూడు కట్టి ఉంటుంది. (మన అమరకోశం గుర్తుందా? స్వర్గవర్గం, వ్యోమవర్గం, దిగ్వర్గం, కాలవర్గం అంటూ మాటలన్నిటినీ గూళ్లలో సర్దిపెట్టిన గ్రంథం. ఉద్దేశం వేరైనా పోకడ అదే.) చిక్కల్లా, గూడు కట్టేవాడు ఊహించని విషయం వచ్చినప్పుడే. ఊపిరితిత్తుల క్షయకు ఎక్స్‌రే చికిత్స మీద భారతదేశంలో 1950లలో జరిగిన పరిశోధన అనే పుస్తకం వచ్చిందనుకోండి. ఊపిరితిత్తుల కొమ్మ మీద పెట్టాలా, ఎక్స్‌రే కొమ్మ మీదా, భారతదేశం కొమ్మ మీదా? ఎక్కడ పెట్టినా మిగతా దారుల్లో వచ్చేవాడికి దొరకదు.

జవాబు ఒక బొమ్మల దుకాణంలో దొరికింది. లండన్‌లోని సెల్ఫ్‌రిడ్జెస్ కొట్లో మెకానో అనే ఆటసామాను ఉండేది. అవే రేకుముక్కలు, చక్రాలు, మరలు. వాటినే ఒకసారి బండిగా, ఒకసారి వంతెనగా, ఒకసారి క్రేన్‌గా బిగించి చూపిస్తున్నాడు అక్కడి అమ్మకందారు. రంగనాథన్‌కి వెలిగింది. తయారైన బొమ్మలకు కాదు, ముక్కలకు నంబర్లు ఇవ్వాలి. ఏ పుస్తకం వచ్చినా దాన్ని ముక్కలుగా విడదీసి, ఆ ముక్కల నంబర్లను బిగిస్తే చాలు. ఎవరూ ఊహించని విషయానికి కూడా నంబరు దానంతటదే తయారవుతుంది. 1925లో స్వదేశానికి తిరిగొచ్చే ఓడలోనే ఉన్న చిన్న లైబ్రరీ పుస్తకాల మీద ఈ పద్ధతిని పరీక్షించి చూసుకున్నారట!

ముక్కలను కలిపే మరగా ఆయన ఎంచుకున్నది కోలన్, అంటే రెండు చుక్కల గుర్తు. అందుకే దీనికి కోలన్ వర్గీకరణ అనీ, మన గ్రంథాలయ పాఠ్యపుస్తకాల్లో ద్విబిందు వర్గీకరణ అనీ పేరు. 1933లో అచ్చయింది. ఇందాకటి పుస్తకాన్నే చూడండి. వైద్యానికి ‘ఎల్’ అనే అక్షరం, ఊపిరితిత్తులకు 45, క్షయకు 421, చికిత్సకు 6, ఎక్స్‌రేకి 253, పరిశోధనకు ఇంకో అక్షరం, భారతదేశానికి 44, 1950లకు ‘ఎన్5’. వీటిని వరసగా కలిపితే పుస్తకం చిరునామా వచ్చేస్తుంది. ఇక్కడ 44 అనే ముక్క వైద్యంలోనూ భారతదేశమే, వ్యవసాయంలోనూ భారతదేశమే, చరిత్రలోనూ భారతదేశమే. డేటాబేస్ రాసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక పొడవాటి జాబితా బదులు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నిలబడే కాలమ్‌లు చేశారన్నమాట. ఒక్కో కాలమ్ ఒక ముఖం. ఇంగ్లీషులో దానికి ఆయన వాడిన మాట ఫేసెట్. వజ్రానికి ఉండే కోణపు ముఖం.

తర్వాతి సంవత్సరాల్లో దీన్ని ఇంకా లోతుకు తీసుకెళ్లారు. ఏ శాస్త్రంలోనైనా ముఖాలన్నీ ఐదు మూల వర్గాల్లోకి వస్తాయన్నారు. వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, దేశం, కాలం. వినడానికి వేదాంతంలా ఉంటుంది గానీ, చీరల మీద పెట్టి చూస్తే తేలికే. పట్టా, నూలా అన్నది పదార్థం. జాందానీ నేతా, కలంకారీ అద్దకమా అన్నది శక్తి, అంటే ఆ వస్తువు మీద జరిగిన పని. ఉప్పాడ, వెంకటగిరి, పెడన, శ్రీకాళహస్తి దేశం. మన ఆన్‌లైన్ కొట్లు చాలావాటిలో ‘రకం’ అనే ఒకే పెట్టె కింద ఉప్పాడ, పట్టు, జాందానీ, కలంకారీ అన్నీ కలిపి పోసేస్తారు. అప్పుడు వెంకటగిరి జాందానీ కావాలన్న ఆవిడ ఏది నొక్కాలి? పెడన అచ్చుల కలంకారీ వేరు, శ్రీకాళహస్తి కలం పని వేరు అని తెలిసిన ఆవిడ ఎక్కడికి పోవాలి? ఊరిని ఊరిగా, పనిని పనిగా విడదీస్తే రెండు నొక్కుల్లో తేలిపోతుంది. ఇలా విడదీయడం ప్రోగ్రామింగ్ కాదు. సరుకు తెలియాలి. రంగనాథన్ జీవితమంతా చేసింది ఆ పనే. ప్రతి శాస్త్రం దగ్గరా కూర్చుని, ఇందులో ముఖాలు ఎన్ని, ఏవి అని అడగడం.

ఒక మంచి ముఖానికి ఉండాల్సిన లక్షణాలను ఆయన 1937లో వచ్చిన వర్గీకరణ సిద్ధాంత గ్రంథంలో నియమాలుగా రాసుకున్నారు. నా మట్టుకు అన్నిటికన్నా పనికొచ్చిన పేజీలు ఇవే. ఎంచుకున్న లక్షణం వస్తువులను నిజంగా వేరు చేయాలి. అన్నీ ఒకే గుంపులో పడితే అది దండగ. వెతికేవాడి అవసరానికి సంబంధించినదై ఉండాలి. నిర్ధారించగలిగినదై ఉండాలి. ‘సౌకర్యవంతమైన ఇల్లు’ అని ఒక ఫిల్టర్ పెడితే ఎవరు కొలుస్తారు? చివరిది, లక్షణం మారకుండా నిలవాలి. ఇక్కడ ప్రభుత్వం 1990 నుంచి జరిగిన హెచ్‌డీబీ పునర్విక్రయాల ధరల్ని అందరికీ తెరిచి పెట్టింది. చూసినవాళ్లకు తెలుసు, అందులో లీజు మొదలైన సంవత్సరమని ఒక కాలమ్ ఉంటుంది, మిగిలిన లీజు అని ఇంకొకటి. ఒకటి ఎప్పటికీ మారదు. రెండోది తొంభై తొమ్మిదేళ్ల లెక్కలో రోజురోజుకీ కరిగిపోయేది, ఏ రోజుకి లెక్కగట్టారో తెలియకపోతే దాన్ని నమ్మి వెతకలేం. కొనేవాడికి కావలసింది రెండోదే, పునాదిగా దాచాల్సింది మాత్రం మొదటిది. పాఠకుడి అవసరానికీ, లక్షణం స్థిరత్వానికీ మధ్య ఈ పేచీ ఆయనకూ తెలుసు.

ముఖాల వరసకు కూడా ఆయన దగ్గర ఒక సూత్రం ఉంది. గోడ లేనిదే బొమ్మ గీయలేం కాబట్టి ముందు గోడ, తర్వాత బొమ్మ. దేని మీద ఏది ఆధారపడుతుందో చూసి వరస పెట్టాలి. పుస్తకాల అర ఒక గీత లాంటిది, ఒక పుస్తకం ఒక్కచోటే ఉండగలదు. అందుకని వరస తేల్చక తప్పలేదు. కంప్యూటర్ ఆ గీతను తుడిచేసింది. ఏ ముఖంతో మొదలుపెట్టినా ఫలితం ఒకటే. అయినా ఫోన్ తెర మీద పట్టేవి మూడో నాలుగో ఫిల్టర్లు. ఏది పైన ఉండాలన్న ప్రశ్న మళ్లీ ఆయన దగ్గరికే తీసుకెళుతుంది. పేట తెలియకుండా వీధి అడగడం గోడ లేకుండా బొమ్మ వేయడమే కదా. ఒకే ముఖంలో రెండు విలువలు నొక్కితే ‘ఇదైనా, అదైనా’ అని, రెండు ముఖాల్లో నొక్కితే ‘ఇదీ, అదీ’ అని అర్థం చేసుకునే వాడుక కూడా ఈ నిర్మాణం నుంచి సహజంగా వచ్చేదే. ఒక ముఖంలోని విలువలు ఒకదాన్నొకటి తోసిపుచ్చుతాయి, ముఖాలు మాత్రం దేనికది స్వతంత్రం. ఇది పాటించని తెరల మీద జనం నొక్కి నొక్కి చివరికి సున్నా ఫలితాల దగ్గర ఆగిపోతారు.

సరే, మళ్లీ మద్రాసుకి వద్దాం. 1928లో రంగనాథన్ మద్రాసు గ్రంథాలయ సంఘం స్థాపనకు నడుం కట్టారు. ఆ ఏడాదే గ్రంథాలయ శాస్త్రానికి పంచసూత్రాలను కూడా ఊహించారు. పుస్తకం వాడకానికే తప్ప దాపుకి కాదు, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలి, పాఠకుడి సమయం వృథా కాకూడదు, గ్రంథాలయం పెరిగే ప్రాణి. వాటి సారం ఇదీ. 1931లో పుస్తకంగా వచ్చాయి. అదే 1928లో ఆయన భార్య రుక్మిణి ప్రమాదవశాత్తూ చనిపోయారు. మరుసటి సంవత్సరం శారదను పెళ్లి చేసుకున్నారు. ఇరవై ఏళ్ల పైచిలుకు మద్రాసు ఉద్యోగంలో సెలవు పెట్టలేదని చెబుతారు. గొప్పగా చెప్పుకునే మాటే గానీ, ఆ ఇంట్లో వాళ్లకు అది ఎలా ఉండేదో మనం ఊహించుకోవచ్చు.

ఆయన పని మనవైపు ఎలా వచ్చిందో చూడాలి. గ్రంథాలయోద్యమంలో తెలుగువారు రంగనాథన్ కన్నా ముందే ఉన్నారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టారు, 1919లో మద్రాసులో అఖిల భారత సభ జరిపించారు. పాతూరి నాగభూషణం గారు 1935లో కాలవ మీద పడవలో పుస్తకాలు ఊరూరా తిప్పారు. ఊరికి గ్రంథాలయం కావాలన్న ఆకలి ఇక్కడ ఉంది, వచ్చిన పుస్తకాన్ని సరిగా పాఠకుడి చేతిలో పెట్టే శాస్త్రం అక్కడ తయారవుతోంది. రెండూ కలిసినచోటు చట్టం. రంగనాథన్ 1930లో కాశీలో జరిగిన ఆసియా విద్యాసభలో నమూనా గ్రంథాలయ చట్టం ప్రతిపాదించారు. పద్ధెనిమిదేళ్లు తిరగ్గా తిరగ్గా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో అలాంటి చట్టం అదే మొదటిది. కోస్తా, రాయలసీమ అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కాబట్టి మన జిల్లాలకూ అది వర్తించింది. 1955లో హైదరాబాద్ రాష్ట్రానికి ఒక చట్టం, 1960లో రెంటినీ కలుపుతూ ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. ఊళ్లో మన పెద్దవాళ్లు ఇంటిపన్నుతో పాటు కట్టిన గ్రంథాలయ సెస్సు ఆ వరసలోదే.

1945లో రంగనాథన్ మద్రాసు వదిలి కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ వైస్ చాన్సలర్‌గా ఉన్నది సర్వేపల్లి రాధాకృష్ణన్. వెళ్లిన రెండేళ్లలో సుమారు లక్ష పుస్తకాలను తానే వర్గీకరించారు. ఊరికే లెక్క వేసినా సెలవుల్లేకుండా రోజుకి నూట ముప్పైకి పైగా! 1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయం. 1955 నుంచి రెండేళ్లు జ్యూరిక్‌లో కూర్చుని రాసుకున్నారు. 1957లో పద్మశ్రీ. 1962లో బెంగళూరులో డాక్యుమెంటేషన్ పరిశోధన శిక్షణ కేంద్రం స్థాపించారు, 1965లో జాతీయ పరిశోధనాచార్యులయ్యారు. కూడబెట్టిన డబ్బులోంచి లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయానికిచ్చి, గ్రంథాలయ శాస్త్రంలో భార్య శారద పేర ఆచార్య పీఠం పెట్టించారు. 1950లలో లక్ష రూపాయలంటే ఎంతో నేను చెప్పక్కర్లేదు.

ఇంత చేసిన మనిషి పద్ధతి ఎన్ని గ్రంథాలయాల్లో వాడుకలో ఉంది? ఇబ్బందికరమైన ప్రశ్నే. మనదేశంలో కొన్ని విశ్వవిద్యాలయాలు తప్ప దాన్ని ఎక్కించుకున్నవాళ్లు తక్కువ. సింగపూర్ లైబ్రరీల అరలు కూడా డ్యూయీ నంబర్లతోనే ఉంటాయి. కారణాలు ఆయన చేతిలోవే. నంబర్లు బారెడు పొడవుండేవి. పుస్తకం వీపు మీద పట్టేవి కావు, చదివేవాడికి నోరు తిరిగేవి కావు. దానికి తోడు ఆయన సిద్ధాంతాన్ని మెరుగుపరుస్తూనే ఉన్నారు. 1933, 1939, 1950, 1952, 1957, 1960 అంటూ కూర్పు మీద కూర్పు. మొదట కోలన్ ఒక్కటే మర, తర్వాత ఒక్కో మూల వర్గానికీ ఒక్కో విరామ చిహ్నం. అరల మీద లక్ష పుస్తకాలకు నంబర్లు వేసి కూర్చున్న లైబ్రేరియన్‌కి ప్రతి కొత్త కూర్పూ పిడుగే. నిలకడ ఉండాలని నియమం రాసినవారే దాన్ని తన పద్ధతికి వర్తింపజేసుకోలేదనిపిస్తుంది నాకు. పాఠకుడి సమయం మిగిల్చాలన్నారు, లైబ్రేరియన్ సమయం మాత్రం ఆయన లెక్కలోకి రాలేదు.

ఆలోచన మాత్రం ఓడ ఎక్కి వెళ్లిపోయింది. లండన్‌లో 1952లో ఏర్పడ్డ వర్గీకరణ పరిశోధక బృందం దాన్ని పట్టుకుంది. ఐదు మూల వర్గాల పట్టింపు వదిలేసి, ఏ రంగానికి తగిన ముఖాలు ఆ రంగానికి ఎంచుకోవచ్చని సడలించింది. 1960లో బ్రయన్ వికరీ దాన్ని మామూలు ఉద్యోగులు కూడా వాడుకునేలా చిన్న పుస్తకంగా రాశారు. నలభై ఏళ్ల తర్వాత బర్కిలీలో మార్టీ హర్స్ట్ బృందం ఫ్లమెంకో అనే ప్రాజెక్టులో ముఖాలను తెర మీదకు తెచ్చింది. ప్రతి విలువ పక్కన ఎన్ని దొరుకుతాయో సంఖ్య చూపడం, ఎక్కడ నొక్కినా ఖాళీ చేతులతో పంపకపోవడం వాళ్లు పట్టుబట్టి పాటించిన విషయాలు. 2006లో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఎండెకా అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌తో తన కేటలాగ్‌కి అలాంటి ఫిల్టర్లు పెట్టుకుంది. ఆన్‌లైన్ కొట్ల నుంచి ఫేసెట్ మళ్లీ లైబ్రరీకి కొత్త వస్తువులా తిరిగొచ్చింది!

రంగనాథన్ ఇవేవీ చూడలేదు. 1972 సెప్టెంబర్ 27న బెంగళూరులో కన్నుమూశారు. అయ్యంకి వారికి పద్మశ్రీ వచ్చింది కూడా ఆ సంవత్సరమే. కోలన్ వర్గీకరణ ఏడో కూర్పు 1987లో, ఆయన పోయిన పదిహేనేళ్లకు, శిష్యుడు గోపీనాథ్ సంపాదకత్వంలో వెలువడింది. ఎనిమిదోది ఇంతవరకూ రాలేదు.